కనిపించని నొప్పి

పిల్లలూ! కందిగింజంత కంతి పెద్దవాళ్లను సైతం ఏడిపిస్తుందంటే నమ్ముతారా?

మా బడిలో కుట్టుపని నేర్పే పంతులమ్మగారు చన్నీళ్లు తగిలితే చాలు, ఉంగరపు వేలు పట్టుకుని విలవిలలాడేవారు. వేలికి దెబ్బా లేదు, వాపూ లేదు. "ఇదంతా పని తప్పించుకోవటానికి" అనుకున్నాను నేను. చివరకు ఒక డాక్టరుగారు గుండుసూది తలతో ఆవిడ గోరుమీద అక్కడక్కడ నొక్కి చూశారు. ఒక్కచోట మాత్రం ఆవిడ కెవ్వుమన్నారు. దాని పక్కనే నొక్కితే ఏమీ లేదు!

మన వేళ్ల చర్మంలో గ్లోమస్ అనే సన్నని రక్తనాళాల ముడులుంటాయి. అవి చలికీ వేడికీ తగినట్టు ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఒంటి వేడిని కాపాడుతాయి. ఎప్పుడైనా అలాంటి ముడి ఒకటి కంతిగా పెరుగుతుంది. 1924లో పియేర్ మాసన్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని వివరించాడు. ఇది సాధారణంగా కాన్సరు కాదు. కాని గోరుకూ ఎముకకూ మధ్య చోటు బహు ఇరుకు. నరాల కొనలు ఎక్కువ. చలికి కంతి బిగుసుకుని వాటిని ఒత్తుతుందని వైద్యుల అభిప్రాయం.

చిన్న ఆపరేషనుతో ఆవిడ బాధ పోయింది. నా సిగ్గు మాత్రం పోలేదు. గాయం కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు, పిల్లలూ!