ఓడలో నొక రాత్రి

మన కుటుంబములవారు ఇటీవల వియత్నాము దేశమునకు తరచుగా పోవుచున్నారు. పోయి వచ్చినవారు తప్పక చెప్పు మాట యొకటి కలదు: హా లాంగ్ అఖాతమున ఓడలో ఒక రాత్రి నిద్రింపవలెనని. మా తమ్ముడు హనోయి నగరమున ఉద్యోగము చేయుచుండుటచే మాకును ఆ యవకాశము కలిగినది. మావారును, అత్తగారును, పండ్రెండేండ్ల మా అమ్మాయియు మాతో నుండిరి. ఈ మాసము ఆ ముచ్చటయే వ్రాయుచున్నాము.

హా లాంగ్ అనగా వారి భాషలో దిగివచ్చిన డ్రాగను అని యర్థము. పూర్వము శత్రువులు ఓడలపై దండెత్తి రాగా, తల్లి డ్రాగను పిల్లలతో ఆకసమునుండి దిగి నోటినుండి మణులు వెదజల్లెననియు, అవియే దీవులై శత్రునౌకల కడ్డుపడెననియు కథ చెప్పుదురు. దీవులు వేయికి పైగా నున్నవి. చాలవరకు నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి కొండలే. యునెస్కో సంస్థవారు 1994లో ఈ యఖాతమును ప్రపంచ వారసత్వ స్థలముగా నెంచిరి. మాకు మాత్రము చూడగనే మైనాకుడు జ్ఞప్తికి వచ్చెను. ఇంద్రుడు రెక్కలు నరుకునని వెరచి సముద్రమున దాగిన ఆ పర్వతము, బంధువులనందరిని వెంటబెట్టుకొని వచ్చి, ఇక్కడ తలలు మాత్రము పైకెత్తి చూచుచున్నట్లుండెను. ఈ మాట పైకి అనగా అత్తగారు, “ఇందరు మైనాకులుంటే ఆంజనేయస్వామి ఎవరిని తాకి పోవాలే, అమ్మాయీ?” అనిరి.

టిక్కెట్టుపై “రెండు దినములు, ఒక రాత్రి” యని వ్రాసియుండును. ఆ రెండు దినములను లెక్కించి చూచినచో ఒక పూర్ణదినమైనను కాదు. హనోయినుండి సుమారు 160 కిలోమీటర్లు మోటారులో పోయి, మధ్యాహ్నము ఓడ యెక్కి, మరునాడు భోజనవేళకు ముందే దిగవలెను. ఆ కొద్ది గంటలలోనే గుహ, దీవి, తెడ్డుపడవ, వంటపాఠము అన్నియు ఇమిడ్చెదరు. బడిపంతులగుటచే మావారికి ఈ గంటల పట్టిక మిక్కిలి నచ్చినది. మాకు ఊరక కూర్చుండి కొండలను చూచుటయే నచ్చినది. టీ టాప్ అను దీవి సోవియట్ వ్యోమగామి టిటోవ్ పేరిట వెలసినది. 1962లో హో చి మిన్ ఆయనను అక్కడికి తోడ్కొని వచ్చెనట. పైకి 400లకు మించి మెట్లున్నవి. మోకాళ్లనొప్పులవారు క్రిందనే ఇసుకలో కూర్చుండుట మేలు.

ఇక ముఖ్యమైన సంగతి. ఓడల ప్రకటనలలో మెత్తని పరుపులు, పాలరాతి స్నానపు తొట్లు, పూలు కనిపించును. ఇల్లాలు చూడవలసినవి వేరుగా నున్నవి. 2011 ఫిబ్రవరి 17వ తేదీ తెల్లవారుజామున, ఆ టీ టాప్ దీవి చెంతనే లంగరు వేసియున్న యాత్రికుల ఓడ యొకటి నీరు చేరి మునిగిపోయెను. గాలి లేదు, తుఫాను లేదు. ఓడలో నిద్రించుచున్నవారిలో 12 మంది మరణించిరి. 2025 జులై 19వ తేదీన పగటి విహారమునకు బయలుదేరిన మరియొక ఓడ, హఠాత్తుగా లేచిన గాలివానకు తలక్రిందులై, 30 మందికి పైగా మరణించిరి. మన గోదావరిపై 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద, పాపికొండలు చూడబోయిన లాంచీ మునిగిన దినమును ఏ తెలుగు తల్లి మరువగలదు?

భయపెట్టుటకు వ్రాయుట లేదు. ఏటేట లక్షలమంది పోయి సుఖముగా తిరిగి వచ్చుచున్నారు. అయినను గది తాళపుచెవి చేతికి రాగానే మేము పరుపు చూడలేదు. లైఫ్ జాకెట్టు లెక్కడ నున్నవో, మా అమ్మాయి కొలతకు తగినది కలదో లేదో చూచితిమి. ఒకదానిని ఆమెకు తొడిగించి, బొత్తాములు పెట్టుకొనుట నేర్పితిమి. కిటికీ లోపలినుండి తెరచుకొనునా, తలుపునుండి పైతట్టునకు ఎన్ని అడుగులు అని నడిచి లెక్కించితిమి. అత్తగారికై నీటిమట్టమునకు పైనున్న అంతస్తులో మెట్ల ప్రక్కగది కోరితిమి. అద్దె కొంచెము హెచ్చు, ఇచ్చితిమి. “రాత్రి మేలుకొని యుండువారెవరు?” అని అడుగగా ఓడవాడు మొదట నవ్వెను గాని, పిదప కావలివానిని పిలిచి చూపెను. రాత్రి రెండు గంటలకు మేము లేచి పైకి పోయి చూచితిమి. అతడు టీ త్రాగుచు మేలుకొనియే యుండెను. చుట్టును ఓడల దీపములు నీటిలో నిశ్చలముగా నుండెను. పిదప మాకు నిద్ర బాగుగా పట్టినది.

జులై మొదలు సెప్టెంబరు వరకు తుఫానుల కాలము. రేవు అధికారులు ఓడల నాపివేసినచో వాదులాడవలదు. అట్టి సందర్భమున సొమ్ము తిరిగి యిచ్చెదరా యని టిక్కెట్టు కొనునప్పుడే వ్రాతమూలముగా అడిగియుంచుకొనవలెను.

శాకాహారులకొక మాట. “మాంసము వలదు” అన్నంత మాత్రమున చాలదు. ఉడికించిన కూరలలో సయితము అక్కడివారు చేపలతో ఊరవేసిన పులుసును చల్లుదురు. “ఆన్ చాయ్” అని ముందురోజే చెప్పినచో తెలిసికొందురు. అత్తగారు మాత్రము ఓడ వంటకమును నమ్మక, తెచ్చుకొన్న అటుకులు, పెరుగుతోనే రెండు పూటలు గడిపిరి.

మరునాటి యుదయమున వెదురుపడవలలో నెక్కించి, పూర్వము జాలరుల తేలియాడు పల్లె యున్న చోటు చూపిరి. తెప్పలపై ఇండ్లు కట్టుకొని తరతరములుగా నీటిపైననే కాపురమున్న వందలకొలది కుటుంబములను ప్రభుత్వము 2014లో ఒడ్డునకు చేర్చినది. మా పడవ నడపిన స్త్రీకి నలువది యేండ్లుండును. నీటిమీదనే పుట్టినదట. ఇప్పుడు ప్రతిదినము ఒడ్డునుండి వచ్చి, మనవంటివారిని త్రిప్పి పోవును. అత్తగారు దుబాసీ ద్వారా, “నేలమీద నిద్ర పట్టుతోందా, తల్లీ?” అని యడిగిరి. ఆమె నవ్వినది. ఇల్లు ఊగకపోవుటచే మొదట కొన్ని నెలలు నిద్ర పట్టలేదనెను. పిల్లలు బడికి నడిచి పోవుచున్నారు, అది మేలనెను. చేపలను మాత్రము అంగడిలో కొని తినవలసి వచ్చుచున్నదని చెప్పి, తెడ్డును నీట ముంచి పడవను త్రిప్పెను.