బాబాయ్ చెయ్యి ఏ లెక్కలో ఉంది?

పోయిన సెమిస్టర్ డీబీఎంఎస్ మినీ ప్రాజెక్టుకి మా టీమ్ రోడ్డు ప్రమాదాల డేటా తీసుకుంది. నిజం చెప్పాలంటే, ఈజీగా దొరుకుతుందని తీసుకున్నాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ‘రోడ్ యాక్సిడెంట్స్ ఇన్ ఇండియా’ అనే రిపోర్టు వేస్తుంది. 2022లో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు, గాయపడ్డవాళ్లు 4,43,366 మంది. టేబుల్స్ లోడ్ చేశాం, గ్రాఫులు గీశాం, మార్కులు బాగానే వచ్చాయి.

వైవా అయ్యాక గానీ నాకు డౌట్ రాలేదు. ఒక మరణానికి గాయపడ్డవాళ్లు ముగ్గురు కూడా లేరేంటి? అదే ఏడాది గ్రేట్ బ్రిటన్‌లో 1,711 మంది చనిపోతే, పోలీసుల రికార్డుల్లో గాయపడ్డవాళ్లు లక్షా ముప్ఫై వేలకు పైనే. అంటే ఒక మరణానికి డెబ్భై ఎనిమిది మంది. పైగా తమ దగ్గర కూడా చిన్న దెబ్బలు చాలావరకు పోలీసుల దాకా రావని అక్కడి ప్రభుత్వమే చెప్తుంది. మన దగ్గర టూవీలర్లు ఎక్కువ, హెల్మెట్లు తక్కువ, అంబులెన్స్ లేటు. కాబట్టి దెబ్బ తగిలితే చనిపోయే అవకాశం ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ మూడుకీ డెబ్భై ఎనిమిదికీ మధ్య తేడా మొత్తం అదేనా? మీకు తెలిసినవాళ్లలో బండి మీంచి పడి కట్టు కట్టించుకున్నవాళ్లని ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. వాళ్లలో ఎంతమంది స్టేషన్‌కి వెళ్లారు?

నేను లెక్కపెడితే ముందు మా బాబాయే వచ్చాడు. మా ఊరి దగ్గర హైవే మలుపులో, రాత్రిపూట, ఎదురుగా రాంగ్ సైడ్‌లో వచ్చిన ట్రాక్టర్‌ని తప్పించబోయి పడ్డాడు. చెయ్యి రెండు చోట్ల విరిగింది, ప్లేట్లు వేశారు. ట్రాక్టర్ వాళ్లు తెలిసినవాళ్లే కావడంతో పెద్దమనుషులు కూర్చుని సగం ఖర్చుకి రాజీ చేశారు. ఆసుపత్రిలో యాక్సిడెంట్ అంటే కేసు రాస్తారని, బాత్రూమ్‌లో జారిపడ్డానని చెప్పాడు. (ఈ లెక్కన మన దేశంలో రోడ్ల కంటే బాత్రూములే డేంజర్.)

మన డేటా మొత్తం పోలీస్ స్టేషన్లో పుడుతుంది. చావుని దాచడం కష్టం, విరిగిన చేతిని దాచడం తేలిక. ఆ మాటకొస్తే చావులు కూడా పూర్తిగా రావట్లేదు. 2021కి మన లెక్క 1,53,972 అయితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా రెండు లక్షలు దాటింది.

లెక్క తప్పితే ఏమవుతుంది అంటారా? నేషనల్ హైవే మీద సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మంది చనిపోతే, దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అప్పుడే బాగుచేసే లిస్టులోకి వస్తుంది. ఇది ప్యూర్ ‘ఇఫ్ కౌంట్’ కండిషన్. మా బాబాయ్ చెయ్యి ఆ కౌంట్‌లో లేదు. రాజీ పడ్డ ప్రతిసారీ మనం ఒక రో డిలీట్ చేస్తున్నాం.

స్వీడన్‌లో స్ట్రాడా అనే సిస్టమ్ ఉంది. అందులో పోలీసులూ ఎంటర్ చేస్తారు, ఎమర్జెన్సీ ఆసుపత్రులూ చేస్తాయి. సైకిల్ మీంచి తనంతట తాను పడి, పోలీసు మొహమే చూడనివాడు కూడా ఆసుపత్రి వైపు నుంచి లెక్కలోకి వస్తాడు. మనకీ ఐరాడ్ వచ్చింది. ఐఐటీ మద్రాస్, ఎన్ఐసీ కలిసి చేసిన ఆ యాప్‌లో పోలీసులు స్పాట్ నుంచే లొకేషన్, ఫోటోలు ఎక్కిస్తారు. మంచి పనే. ఆసుపత్రులకీ అందులో చోటుంది, కానీ కథ మొదలయ్యేది మాత్రం పోలీసు ఎంట్రీతోనే. నా అభిప్రాయంలో కేసుని, లెక్కని విడదీయాలి. పేరు లేకుండా, బండి నంబర్ లేకుండా, ఎక్కడ పడ్డాడు, ఏం విరిగింది అని డ్యూటీలో ఉన్న నర్సు రెండు నిమిషాల్లో ఎక్కించగలగాలి. అప్పుడు బాత్రూమ్ మీద నెట్టే అవసరం ఎవరికీ ఉండదు.

మా రూమ్మేట్ అంటాడు, ‘డేటా ఉంటే మాత్రం ఎవడు బాగుచేస్తాడ్రా?’ అని. బాగుచేయకపోవచ్చు. కానీ డేటా లేకపోతే అడగడానికే ఏమీ ఉండదు కదా.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయ్‌ని ఆ మలుపు గురించి అడిగాను. ‘మొన్న పాలాయన కూడా అక్కడే పడ్డాడ్రా, కాలు విరిగింది’ అన్నాడు. కేసు పెట్టారా అంటే నవ్వాడు.