అడుగడుగున తారసపాటు: వినోదమా, విసుగా?

వినోదమునకై పుట్టిన ఆటయే విసుగు గలిగించినచో దోషము ఆటయందున్నదా, ఆడువానియందున్నదా? కడచిన దసరా సెలవులలో ఈ ప్రశ్న మాలో నలుగురికి గలిగినది. అది మొదట తగవుగా నుండి, పిమ్మట చర్చగా మారి, తుదకీ వ్యాసమైనది. వీడియో ఆటలగూర్చి పాఠశాల వార్షిక సంచికయందు వ్రాయుట తగునా యని పెద్దలు కొందరు శంకింపవచ్చును. విద్యార్థులు తమ తీరికను దేనియందు వెచ్చించుచున్నారో దానిని గూర్చి వారే యాలోచించుట తప్పు గాదని మా విన్నపము.

ముందుగా విషయమును విశదపరచెదము. వీడియో ఆటలలో నొక తెగ కలదు. అందు ఆడువాడు కథానాయకుని పాత్రను ధరించి, ఊళ్లు, అడవులు, గుహలు దాటుచు ప్రయాణము చేయును. దారిలో శత్రువు కంటికి గానరాడు. నాలుగడుగులు వేసినంతనో, నలుబది యడుగులు వేసిన పిమ్మటనో, హఠాత్తుగా తెర మారి, ఎదుట నొక భూతమో మృగమో నిలుచును. దానితో పోరాడి గెలువవలెను, లేదా పారిపోవలెను. అటుపిమ్మటనే ప్రయాణము సాగును. ఆంగ్లమున దీనిని ర్యాండం ఎన్‌కౌంటర్ అందురు. ఎన్‌కౌంటరను మాటకు మన వార్తాపత్రికలలో వేరొక భయంకరమైన యర్థము స్థిరపడియున్నందున, మేము దీనిని ‘తారసపాటు’ అని వ్యవహరించెదము.

ఈ పద్ధతి యంత్రములతో పుట్టినది గాదు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను బల్ల చుట్టు గూర్చుండి, కాగితములతోను పాచికలతోను ఆడుదురు. అందు నేలమాళిగలలో సంచరించు వీరుల కొక్కొక్క వంతు ముగియగానే ఆటను నడుపువాడు ఆరు ముఖముల పాచికను వేయును. ఆరు పడినచో సంచారభూత మొకటి యెదురగును. ఇందొక యుక్తి కలదు. ఊరక కాలయాపనము చేయువానికి ప్రమాదము హెచ్చును. కావున వీరులు వడిగా నాలోచించి ముందునకు సాగవలెను. అనగా, ఆ యాటలో తారసపాటు కాలమునకు విలువ గట్టినది.

1981లో ‘విజార్డ్రీ’, 1986లో జపాను దేశమున ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’ వెలువడి, ఈ పాచికను యంత్రము చేతి కిచ్చినవి. ఆ కాలపు యంత్రముల శక్తి స్వల్పము. ‘డ్రాగన్ క్వెస్ట్’ ఆట యంతయు 64 కిలోబైట్లలో నిమిడియుండెను. నేడు చేతిఫోనుతో తీయు నొక్క ఛాయాచిత్రమునకే దానికంటె బెక్కు రెట్లు చోటు కావలసియుండును. అంతటి చిన్న యాటలో విశాలమైన దేశమును, అందు తిరుగాడు సమస్త భూతములను ఏకకాలమున చూపుట కష్టము. వానిని దాచియుంచి, పాచిక పడినప్పుడు మాత్రమే చూపుట సులభోపాయము. లేమిలో నక్కరకు వచ్చిన యుపాయమైనను, చీకటిలో నడచువాని గుండె దడను అది చక్కగా గల్పించినదని యొప్పుకొనక తప్పదు.

ఇక మా తగవు. యెమ్మిగనూరులోని మా మిత్రునికి అతని యన్న బెంగుళూరునుండి వచ్చుచు, తాను చిన్ననాట నాడుకొన్న చేతియాట యంత్రము నొకదానిని తెచ్చి యిచ్చెను. అందు ‘పోకెమాన్’ ఆట గలదు. యంత్ర మొకటి, ఆడువారము నలుగురము. కావున తలా యొక యరగంట చొప్పున వంతు లేర్పరచుకొంటిమి. నాలుగవ వంతు ఆదోనినుండి బస్సులో వచ్చిన మిత్రునిది. అతని చేతికి యంత్రము వచ్చునప్పటికి కథానాయకుడు గుహయందు ప్రవేశించి యుండెను. జూబాట్ అను గబ్బిల మొకటి యెదురయ్యెను. దానిని గెలిచి మూడడుగులు వేయగా మరియొకటి. దానినుండి పారిపోయి అయిదడుగులు వేయగా మరల నదియే. అతని యరగంటయు గబ్బిలములతోనే గడచినది. “నేనింకను ఏమియు ఆడలేదు, మరి పది నిమిషము లిండు” అని యతడు బ్రతిమాలెను. “గబ్బిలముతో పోరుట మాత్ర మాట గాదా?” అని మేము వాదించితిమి. ఇంతలో బస్సునకు వేళయయ్యెను. సుమారు 30 కిలోమీటర్ల దూరమునుండి మాకై వచ్చినవాడు ముఖము చిన్నబుచ్చుకొని వెడలిపోయెను.

ఆ యింట మగ్గముపై గూర్చుండి మా గొడవ నంతయు వినుచున్న మిత్రుని తండ్రిగారు, “మీ యాటలోను ఊరకూరక పోగు తెగుచున్నదే!” అని నవ్విరి. నాడు మేమా మాటను పట్టించుకొనలేదు. తరువాత నాలోచింపగా, మా చర్చకు దారి చూపినది ఆ మాటయే.

యెమ్మిగనూరు నేతకు పేరుపడిన యూరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో వెలసిన చేనేత సహకార సంఘమువలన ఆ పేరు మరింత వ్యాపించినది. మగ్గమున పోగు తెగుటయు ముందు తెలియని సంగతియే. తెగినప్పుడు నేతగాడు నాడె నాపి, తెగిన కొనలు వెదకి, ముడివేసి, మరల నేతకు బూనుకొనవలెను. ముడివేయుటలో నేర్పు లేకపోలేదు. కాని నూరవ ముడి మొదటి ముడికంటె క్రొత్తగా నేమియు నేర్పదు. దానివలన బట్ట యొక యంగుళమైనను పెరుగదు. నేతగాని మనస్సు బట్టపై నున్నది. పోగు తెగుట దాని కడ్డు. గుహలోని గబ్బిల మిట్టిదే.

ఇందుకు భిన్నమైన దృష్టాంతమును మన జిల్లాయే చూపుచున్నది. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి ప్రాంతపు చేలలో జనులు వజ్రములకై వెదకుదురు. వాన నేలను కడిగిన పిమ్మట రాళ్ల నడుమ వజ్రము బయటపడునని వారి యాశ. పొరుగు జిల్లాలనుండియు, కర్ణాటక దేశమునుండియు వచ్చి, చెట్లక్రింద బసచేయువారును గలరు. వారు తల వంచుకొని యడుగులో నడుగు వేయుచు దినమెల్ల తిరుగుదురు. వారికిని ఏ యడుగున నేమి తారసపడునో తెలియదు. ఐనను వారా యనిశ్చయమును విసుగుకొనరు, దానికొఱకే వచ్చిరి. పోకెమాన్ ఆటలో పొడవైన గడ్డి యట్టిది. అందు దిగువాడు క్రొత్త మృగము దొరకునను నాసతో దిగుచున్నాడు. అక్కరలేనివాడు చాలచోట్ల గడ్డిని తప్పించుకొని బాటను పోవచ్చును. 1996లో ఆ యాటను వెలువరించిన సతోషి తజిరి బాల్యమున పొలములలో పురుగులను బట్టుటయందు మిక్కిలి యాసక్తి గలవాడు. ఆ యానందమే యాటకు మూలమైనది. పురుగులకై వెదకు బాలునికి అవి కనబడుట విసుగగునా?

పాచిక యొక్కటియే, గడ్డిలో నది యానందము, గుహలో నది యలజడి. కావున మా నిశ్చయ మేమనగా, తారసపాటు స్వయముగా మంచిది గాదు, చెడ్డది గాదు. దానిని కోరి పోయినవానికి అది వినోదము. వేరొక పనిమీద పోవువానిని, తప్పించుకొను దారి లేకుండ, మాటిమాటికి నాపినచో అది విసుగు. ఆటను రచించువాడు పాచికను వాడవచ్చును గాని, ఆడువాని కాలమును ఊరక హరించుటకు వానికి హక్కు లేదు.

మాలో గణితము నభిమానించు మిత్రు డిందుకు లెక్కయు జూపెను. ప్రతి యడుగునకు 16లో 1 వంతు అవకాశ మున్నదనుకొందము. సగటున 16 అడుగుల కొక తారసపాటు. వినుటకిది న్యాయముగానే యున్నది. కాని 16 అడుగులు వరుసగా నడచినను ఏమియు నెదురుగాకుండుట 100 మారులలో సుమారు 36 మారులు జరుగును. నిర్ణయించిన రెండు వరుస యడుగులలోను రెండు పోరులు వచ్చుట 256లో 1 మారు జరుగును. నిరపాయముగా సాగిన యడుగులను మనము మరచిపోవుదుము. వెంటవెంట వచ్చిన గబ్బిలములను మాత్రము జ్ఞాపకముంచుకొందుము. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’ వంటి యాటలలో పోరు ముగియగానే అవకాశము తగ్గి, అడుగులు కూడిన కొలది పెరుగును. ఇట్టి చిన్న దయవలననే విసుగు చాలవరకు తగ్గును.

ఎదుటి పక్షమున జెప్పదగిన మాటలు లేకపోలేదు. మాలో నొకడు తారసపాటును గట్టిగా సమర్థించెను. అతడిట్లనెను: “ఆదోనినుండి యెమ్మిగనూరునకు బస్సులో వచ్చునప్పుడు గొఱ్ఱెలమంద దారి కడ్డము వచ్చును. ఆ మంద లేకున్నచో నాకా దారి జ్ఞాపకమే యుండదు. శత్రువు లందరు దూరమునుండియే కనబడినచో మనమందరిని తప్పించుకొని పోవుదుము. భయ ముండదు, బల మలవడదు, కడపటి శత్రువు ముందు ఓడిపోవుదుము.” ఇందు సత్యమున్నది. ఐనను మంద యొకటి రెండుమారు లడ్డగించినచో ముచ్చట. మైలు మైలునకు నడ్డగించినచో పరీక్షకు బోవు విద్యార్థి యేమగును? మితమే దీనికి ప్రాణము.

ఆటలు రచించువారును ఈ సత్యమును క్రమముగా గ్రహించిరి. 1994లో జపానులో వెలువడిన ‘మదర్ 2’ అను ఆటలో శత్రువులు కంటికి గనబడుదురు. ఆడువాని బలము మిక్కిలి హెచ్చినప్పుడు అల్పులు తామే పారిపోవుదురు. తాకినను పోరు లేకయే గెలుపు లభించును. 1995 నాటి ‘క్రోనో ట్రిగ్గర్’ ఆటలో శత్రువులలో పెక్కుమంది దారిలోనే కనబడి, అచటనే పోరు జరుగును. 2014లో అమెరికాకు వచ్చిన ‘బ్రేవ్‌లీ డిఫాల్ట్’ ఆటలో తారసపాట్లను పెంచుకొనుటకు, తగ్గించుకొనుటకు, పూర్తిగా మాన్పుకొనుటకును ఆడువానికే స్వాతంత్ర్య మిచ్చిరి. మాన్పుకొనినవాడు బలము గూడక ముందు కష్టపడిన, ఆ ఫలము వానిది. స్వాతంత్ర్యమును బాధ్యతను జోడించి యిచ్చుటకంటె న్యాయ మేమున్నది?

ఇచట మా తప్పును గూడ నొప్పుకొనవలెను. పోకెమాన్ ఆటలోను తప్పించుకొను సాధన మున్నది. రిపెల్ అను మందు వాడినచో 100 అడుగులవరకు మనకంటె బలహీనమైన మృగములు దరిజేరవు. గుహలో బ్రవేశించుటకు ముందు దానిని గొనవలసినది. కాని నాయకుని సంచిలోని కాసుల నన్నిటిని మొదటి మువ్వురము మా వంతులలోనే వెచ్చించి, ఆదోని మిత్రునికి వట్టి సంచిని, చీకటి గుహను అప్పగించితిమి. అతని యరగంటను హరించినది గబ్బిలములు మాత్రమే కాదు.

వజ్రపు టాసకును హద్దు కావలెను. 1999లో వెలువడిన పోకెమాన్ రెండవ తరపు టాటలలో వింతరంగు మృగ మెదురగుట 8192లో 1 వంతు. దానికై గడ్డిలో రాత్రులెల్ల తిరుగువా డాట నాడుచున్నాడా, లేక ఆటయే వాని నాడించుచున్నదా? జొన్నగిరి చేలలోను వట్టి చేతులతో మరలువారే పెక్కుమంది. వారు కోల్పోయిన కూలి వారికి దిరిగి రాదు. విద్యార్థికి కాలమే కూలి.

మాది వాననీటి నమ్మకముపై సేద్యము చేయు సీమ. వాన యెప్పుడు వచ్చునో రైతున కెఱుకలేదు. ఐనను నేల దున్ని, విత్తనము సిద్ధపరచుకొని కనిపెట్టుట వాని చేతిలోనున్నది. ఆటలోను అట్లే తెలియనిది కొంత యుండవలెను. ఆడువాని చేతిలో కొంత యుండవలెను. మన పాఠశాలనుండి వెడలి రేపు వీడియో ఆటలను రచింపగోరు విద్యార్థులు దీనిని మఱవకుందురు గాక.

మేము నలుగురము సంక్రాంతి సెలవులలో మరల గలిసికొంటిమి. ఈ మారు మూడు నియమములు పెట్టుకొంటిమి. వంతు ముగియుటకు అయిదు నిమిషముల ముందు ఎవడును గడ్డిలోగాని, గుహలోగాని అడుగిడరాదు. యంత్రమును వట్టి సంచితో నితరుని కీయరాదు. దూరమునుండి వచ్చినవానిది మొదటి వంతు. ఆదోని మిత్రుడు ఆ నియమములతో గుహను దాటెను. గబ్బిలములు రాకపోలేదు, కాని ఆ దినమున నెవ్వరును విసుగుకొనలేదు.

ఈ విషయమున మాతో నేకీభవింపని సోదర విద్యార్థులును ఉందురు. వారు తమ యభిప్రాయమును రాబోవు సంచికకు వ్రాసి పంపినచో సంతోషముతో జదివెదము.