పొమ్మన్నాక మళ్లీ రమ్మన్నారు

బ్రిటిష్ నౌకాదళంలో రియర్ అడ్మిరల్ దాకా ఎదిగిన మనిషి ‘ఈ పదవి నాకొద్దు, తప్పించండి’ అని అడగడం అరుదు. 1935లో బెర్ట్రామ్ రామ్సే ఆ పని చేశారు. అప్పటికి ఆయనకు 52 ఏళ్లు. హోమ్ ఫ్లీట్ అధిపతి సర్ రోజర్ బ్యాక్‌హౌస్ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేరి నాలుగైదు నెలలే అయింది. డబ్బు తగాదా లేదు, కుల గోత్రాల పట్టింపు లేదు. ఇద్దరూ పాత స్నేహితులు కూడా. చిక్కల్లా ఒకటే. బ్యాక్‌హౌస్ ప్రతి కాగితమూ తానే చూడాలనేవారు, ప్రతి ఉత్తర్వూ తానే రాయాలనేవారు. పనిదొంగ కాదు, దానికి పూర్తిగా ఎదురు. పొద్దస్తమానం బల్ల దగ్గరే ఉంటారు. కింద ఉన్నవాళ్లకే చేయడానికి ఏమీ మిగలదు.

రామ్సే తయారైన తీరు వేరు. 15వ ఏట నౌకాదళంలో చేరి, కొత్తగా వచ్చిన డ్రెడ్‌నాట్ యుద్ధనౌకలో పనిచేసి, 1913లో స్టాఫ్ కోర్సు చదివారు. ఓడ నడిపిన అనుభవం ఉంటే చాలు, యుద్ధం అదే వస్తుందని పెద్దలు నమ్మే కాలమది. ప్రణాళిక వేయడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని ఆ కోర్సు చెప్పింది. అధిపతి ఏం కావాలో చెబుతాడు, ఎలాగన్నది స్టాఫ్ తేలుస్తుంది, ఓడ మీద ఉన్నవాడు అక్కడి పరిస్థితిని బట్టి చేస్తాడు. ఇది ఆయనకు ఒంటబట్టింది. బ్యాక్‌హౌస్ దగ్గర ఇది సాగదని తేలాక ఊరుకుని జీతం తీసుకోవచ్చు. చాలామంది చేసేది అదే. ఆయన తప్పుకున్నారు.

ఫలితం వెంటనే కనిపించింది. చెప్పుకోదగ్గ పోస్టు మళ్లీ రాలేదు. సగం జీతం మీద ఇంట్లో కూర్చున్నారు. 1938లో పేరు రిటైర్డ్ జాబితాలోకి వెళ్లింది. అదే ఏడాది బ్యాక్‌హౌస్ మొత్తం నౌకాదళానికే అధిపతి, అంటే ఫస్ట్ సీ లార్డ్ అయ్యారు. కథ అక్కడ ఆగిపోయి ఉంటే రామ్సే పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు. బ్యాక్‌హౌస్‌దే సరైన పద్ధతని కూడా అందరూ అనుకునేవారు.

1939 ఆగస్టులో యుద్ధం ఇక తప్పదని తేలాక నౌకాదళం రామ్సేను వెనక్కి పిలిచి డోవర్ అప్పగించింది. ఈ పిలుపులో దయాదాక్షిణ్యాలేమీ లేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన డోవర్ గస్తీ దళంలో ఎం25 అనే ఓడనూ, తర్వాత బ్రోక్ అనే డిస్ట్రాయర్‌నూ నడిపారు. ఆ ఇరుకు సముద్రంలో ఇసుకమేటలూ పోటుపాట్లూ తెలిసినవాడు. నాలుగేళ్ల కిందటి గొడవ ఫైల్లో ఉంది, నిజమే. కానీ అది ‘అధిపతితో పడలేదు’ అనే ఉంది, ‘పని రాదు’ అని లేదు. ఆ రెంటికీ తేడా పాటించే సంస్థ కాబట్టే పిలవగలిగింది.

డోవర్ కోట కింద సుద్దరాతి కొండలో సొరంగాలున్నాయి. నెపోలియన్ కాలంలో సైనికుల బస కోసం తవ్వినవి. రామ్సే కార్యాలయం వాటిలోనే. ఆయన గది కొండ అంచుకు వచ్చి, చిన్న బాల్కనీలోంచి సముద్రం మీదికి తెరుచుకునేది. అక్కడి నుంచే 1940 మే 26 సాయంత్రం ‘ఆపరేషన్ డైనమో’ మొదలైంది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ తీరంలో జర్మన్ సేనల మధ్య చిక్కుకున్న బ్రిటిష్ సైన్యాన్ని ఓడలెక్కించి తేవాలి. దొరికేది మహా అయితే రెండు రోజులనీ, నలభై అయిదు వేల మందిని తెస్తే గొప్పనీ లండన్ లెక్క.

తొలిరోజు, మే 27న వచ్చినవాళ్లు 7,669 మంది. డంకర్క్ రేవు బాంబులకు కూలిపోయింది. తీరం లోతులేనిది, పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. సైనికులు మెడలోతు నీళ్లలో నిలబడి చిన్న పడవల కోసం చూడాలి. ఆ సాయంత్రం రామ్సే తరఫున ఒడ్డు వ్యవహారం చూడటానికి కెప్టెన్ విలియం టెనెంట్ దిగాడు. ఆ గందరగోళంలో తానెవరో సైనికులకు తెలియాలి కదా. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం కత్తిరించి, సీనియర్ నేవల్ ఆఫీసర్ అని తెలిపే మూడు అక్షరాలు హెల్మెట్ మీద అంటించుకున్నాడట. అధికార చిహ్నం అంతే.

రేవు ముఖద్వారం పక్కన సముద్రంలోకి మైలుకు కాస్త తక్కువగా చొచ్చుకెళ్లిన బ్రేక్‌వాటర్ ఒకటి టెనెంట్ కంట పడింది. అది అలల్ని ఆపడానికి కట్టింది, ఓడలు కట్టేయడానికి కాదు. నడకదారి నలుగురు పక్కపక్కన నడిస్తే నిండిపోతుంది. నీటిమట్టం పోటుకూ పాటుకూ మధ్య పదిహేనడుగులు మారుతుంది. అయినా ఒక ఓడను పిలిచి ఆనించి చూశాడు. దాదాపు 950 మంది గంటలోపే ఎక్కేశారు. ఆ ఓడ తిరుగు ప్రయాణంలో బాంబు తగిలి మునిగింది, అందులోని వాళ్లలో ఎక్కువమందిని మరో ఓడ తీసుకొచ్చింది. కిటుకు మాత్రం దొరికింది. డోవర్ నుంచి ఓడల్ని అటే మళ్లించారు. పాటు వేళ నిచ్చెనలూ చెక్కలూ వేసి దించారు. మే 28న 17,804, మరుసటి రోజు 47,310, మే 31న 68,014. మొత్తం తొమ్మిది రోజుల్లో 3,38,226 మంది. సినిమాలూ కథలూ చేపల పడవల్నీ విహార నౌకల్నీ ఎక్కువ చూపిస్తాయి. కానీ రెండు లక్షల ముప్పై తొమ్మిది వేల మంది దాకా రేవు, ఆ బ్రేక్‌వాటర్ మీదుగానే వచ్చారు. ఇసుక తీరం నుంచి వచ్చినవాళ్లు లక్ష లోపు. మనవాళ్లు కూడా ఉన్నారక్కడ. కంచరగాడిదలతో సామాను మోసిన భారతీయ దళాలు. వాళ్ల ఊసు చాలాకాలం ఎవరూ ఎత్తలేదు.

బ్రేక్‌వాటర్ ఆలోచన రామ్సేది కాదు. ఇదే గమనించాల్సింది. నా అనుమతి లేకుండా ఓడను ఎందుకు పిలిచావని ఆయన అడగలేదు, ఓడల్ని పంపాడంతే. మొదటి రెండు రోజులు ఒడ్డు నుంచి వైర్‌లెస్ సరిగ్గా పనిచేయలేదు కాబట్టి పెత్తనం చేద్దామన్నా కుదిరేది కాదని ఎవరైనా అనొచ్చు, అదీ కొంత నిజమే. మే 24న జర్మన్ ట్యాంకులు ఆగిపోవడం, వెనక నిలిచి పోరాడిన ఫ్రెంచి దళాలు, ప్రశాంతంగా ఉన్న సముద్రం, వీటి వాటా ఆయన ఖాతాలో వేయలేం.

పైవాళ్లతో పేచీ మాత్రం ఆయనదే. మే 29న ఒక్కరోజే మూడు డిస్ట్రాయర్లు పోయేసరికి, రేపటి యుద్ధానికి ఉండాలి కదా అని లండన్ కొత్త డిస్ట్రాయర్లన్నింటినీ వెనక్కి తీసుకుంది. లెక్క ప్రకారం అది తప్పు కాదు కూడా. మర్నాడు రామ్సే అప్పటి ఫస్ట్ సీ లార్డ్ డడ్లీ పౌండ్‌తో వాదించి వాటిని మళ్లీ రప్పించారు. పాత ఓడలతో ఆ సంఖ్య అందదని చెప్పారు. 1935లో నోరు తెరిచి పదవి పోగొట్టుకున్నవాడు 1940లో మళ్లీ తెరిచాడు. ఈసారి వినేవాడు దొరికాడు.

నౌకాదళం తప్పు దిద్దుకుందని పొగడ్తలు మొదలుపెట్టే ముందు ఇంకో సంగతి. ఇంత చేశాక కూడా ఆయన పేరు రిటైర్డ్ జాబితాలోనే ఉంది. డంకర్క్ తర్వాత సర్ బిరుదు ఇచ్చారు, రాజుగారు పిలిపించుకుని మాట్లాడారు. 1942లో ఉత్తరాఫ్రికా దండయాత్ర ప్రణాళిక చేతికిచ్చారు, పెత్తనం అడ్మిరల్ కన్నింగ్‌హామ్‌ది. 1943లో సిసిలీలో ఒక దళానికి నాయకుణ్ని చేశారు. సర్వీసు జాబితాలోకి తిరిగి తీసుకుని అడ్మిరల్ చేసింది 1944 ఏప్రిల్లో, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీది దండయాత్రకు ఆరు వారాల ముందు. పని చేయించుకోవడానికి అడ్డురాని నిబంధన, హోదా ఇవ్వడానికి నాలుగున్నరేళ్లు అడ్డొచ్చింది. ఇలాంటి పద్ధతులు మనకు కొత్తగా అనిపించవు.

నార్మండీలో కథ ఇంకో మలుపు తిరిగింది. నౌకల భాగానికి నెప్ట్యూన్ అని పేరు. ఏడు వేలకు చేరువగా ఓడలు, పడవలు. మైన్‌స్వీపర్లు ముందు నడిచి పది దారులు శుభ్రం చేయాలి. అయిదు తీరాలకు వెళ్లే దళాలు నిమిషాల లెక్కన వాటిలో వెళ్లాలి. రామ్సే కార్యాలయం నుంచి వెలువడిన ఉత్తర్వుల కట్ట పుస్తకమంత లావు. ఇంత వివరమా, మా పని మమ్మల్ని చేసుకోనివ్వరా అని అమెరికన్ దళ నాయకుడు అలన్ కర్క్ సణిగాడు. ఏం చేయాలో చెప్పి, ఎలాగన్నది కిందివాడికి వదలడం అమెరికన్ల ఆనవాయితీ. సరిగ్గా 1935లో రామ్సే అడిగింది అదే.

మాట తప్పాడా? నాకలా అనిపించదు. వేలకొద్దీ పడవలు ఒకే చీకట్లో ఒకే ఇరుకు దారిలో వెళ్లేటప్పుడు ఎవరి వేగం వాళ్లిష్టమంటే గుద్దుకుంటాయి. అక్కడ వివరం పైనుంచే రావాలి. పడవ ఇసుక తాకాక ఏం చేయాలన్నది అక్కడున్నవాడిదే. కర్క్ సణుగుడులో న్యాయం లేదనీ అనను. కొంచెం ఎక్కువే రాశారు.

ఆ రోజుల్లో ఆయన మకాం పోర్ట్స్‌మత్ దగ్గర సౌత్‌విక్ హౌస్. గోడ నిండా చెక్కతో చేసిన పటం. బొమ్మలు చేసే చాడ్ వ్యాలీ కంపెనీ వాళ్లతో చేయించారు. ఎక్కడ దిగుతారో తెలియకూడదని నార్వే నుంచి స్పెయిన్ దాకా మొత్తం తీరం చేయమన్నారు. బిగించేటప్పుడు నార్మండీ ముక్క మాత్రమే పెట్టమన్నారు. గుట్టు తెలిసిపోయింది కాబట్టి బిగించిన ఇద్దరు పనివాళ్లనూ దండయాత్ర అయ్యేదాకా బయటికి పోనివ్వలేదు. పటం ఇప్పటికీ అదే గోడ మీద ఉంది.

మన సంగతికొద్దాం. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం మారిన తొలి వారాల్లో పత్రికల్లో తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది: ఫలానా అధికారి సాధారణ పరిపాలన శాఖలో రిపోర్ట్ చేయాలి. పోస్టింగ్ ఉండదు, జీతం ఉంటుంది. కొందరి మీద నిజంగానే ఆరోపణలుంటాయి, వాళ్ల సంగతి విచారణలు తేలుస్తాయి. కొందరు మాత్రం ఎక్కడో ఒక సమీక్షలో ‘ఇది కుదరదండి’ అన్న పాపానికి అక్కడున్నారు. ఉత్తర్వులో ఈ రెండు రకాలకూ ఒకటే వాక్యం. అయిదేళ్లకు మళ్లీ ప్రభుత్వం మారితే వాళ్లు పైకొస్తారు, అదీ పనితనం చూసి కాదు, పాత ప్రభుత్వం పక్కన పెట్టిందన్న అర్హత చూసి. రామ్సేను పిలిచినవాళ్లు ఆయన ఎవరి మనిషని చూడలేదు. డోవర్ నీళ్లు తెలుసా అని చూశారు.

తుఫాను వచ్చినప్పుడు మన దగ్గర జిల్లాకో ప్రత్యేకాధికారిని పంపుతారు. గతంలో అక్కడ పనిచేసినవాళ్లను ఎంచుకోవడం మంచి ఆనవాయితీ. అయితే ఆ అధికారి, కలెక్టర్, తహసీల్దారు అందరూ గాలి మొదలయ్యే వేళకు టెలికాన్ఫరెన్స్‌లో ఉంటారు. ఎన్ని గ్రామాలు, ఎన్ని బియ్యం బస్తాలు అని పైనుంచి గంటగంటకూ అడుగుతుంటే, పడవ ఎటు పంపాలో చెప్పాల్సినవాడు ఫోను పట్టుకుని లెక్క చెబుతుంటాడు. మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. బ్యాక్‌హౌస్ ఉద్దేశమూ మంచిదే. బస్తాలు ముందే ఏ ఊళ్లో ఉండాలన్నది పైన రాసి ఇవ్వాల్సిన వివరం, నెప్ట్యూన్ కట్టలాగా. ఏ గట్టు తెగింది, జనాన్ని ఏ బడికి చేర్చాలి అన్నది అక్కడున్న తహసీల్దారుకు వదలాలి.

రామ్సే పేచీలు నార్మండీతో ఆగలేదు. 1944 సెప్టెంబరు 4న బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవు దాదాపు చెక్కుచెదరకుండా మిత్రదళాల చేతికొచ్చింది. అందరూ పండగ చేసుకున్నారు. ఆ ముందురోజే ఆయన మిత్రదళాల సర్వాధిపతి ఐజన్‌హోవర్‌కూ ఇతరులకూ హెచ్చరిక పంపి ఉన్నారు: రేవు దొరికితే చాలదు, సముద్రం నుంచి దానికి చేరే నదీముఖం శత్రువు చేతిలో ఉన్నంతకాలం, దారినిండా మైన్లు ఉన్నంతకాలం ఒక్క ఓడా రాదని. అక్కడి బ్రిటిష్ సేనాధిపతి మాంట్‌గోమరీ దృష్టి రైన్ నది మీద ఉంది. అక్టోబరు 5న జరిగిన సమావేశంలో రామ్సే అందరి ముందే ఆయన్ను నిలదీశారు. నవంబరు మొదట్లో గానీ ఆ నదీముఖం పూర్తిగా చేజిక్కలేదు. మొదటి ఓడల వరస ఆంట్‌వెర్ప్ చేరింది నవంబరు 28న, రేవు పట్టుకున్న 85 రోజులకు.

1945 జనవరి 2న రామ్సే పారిస్ దగ్గర టూసూ ల నోబుల్ నుంచి విమానమెక్కారు. బ్రస్సెల్స్‌లో మాంట్‌గోమరీతో సమావేశం ఉంది. విమానం పైకి లేస్తూనే కూలింది, అందులో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. ఆయనకు 61 ఏళ్లు. సాన్ జెర్మాన్ ఆన్ లేలో ఖననం చేశారు.