నిద్ర మానిన చదువు

పరీక్షలు సమీపించిన దినములలో రాత్రి రెండు గంటల వఱకు దీపము ముందు గూర్చుండు బాలుని జూచి తలిదండ్రులు సంతసింతురు, ఇరుగుపొరుగువారు మెచ్చుకొందురు. ఆ మెప్పు తగదని మా యభిప్రాయము. నిద్ర మాని చదివిన చదువు నిలుచుట యరుదు.

శాస్త్రజ్ఞులు దీనిని చిరకాలము క్రిందటనే పరీక్షించి చూచిరి. 1896వ సంవత్సరమున అమెరికా దేశములోని అయోవా విశ్వవిద్యాలయమున పాట్రిక్, గిల్బర్టు అను పండితులు ముగ్గురు మనుష్యులను 90 గంటలు మేల్కొని యుండజేయగా, వారి జ్ఞాపకశక్తి మిగుల సన్నగిల్లెను. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్సు, డాలెన్‌బాకు అనువారు ఇద్దఱు విద్యార్థులచే అర్థము లేని పదేసి శబ్దములను వల్లింపజేసిరి. పిమ్మట ఎనిమిది గంటలు నిద్రించినపుడు సగమునకు మించి జ్ఞప్తికి వచ్చెను. అంతకాలము మేల్కొని యున్నపుడు ఇంచుమించు ఒక్కటియే నిలిచెను.

దీనికి కారణ మిది. మెదడులో హిప్పోకాంపస్ అను భాగము పగటి పాఠమును మొదట గ్రహించును. గాఢనిద్రలో అది యా పాఠమును మరల మరల నెమరువేయగా, క్రమముగా మెదడు పైపొరలలో స్థిరపడును. కళ్లములోని ధాన్యమును గాదెకు జేర్చు పని నిద్రది. నిద్ర చాలనినాడు నిన్నటి పాఠము కుదురుకొనదు. నేటి పాఠమును గ్రహించు శక్తియు తగ్గును.

"మేల్కొననిచో పాఠములు పూర్తి యగునా?" యని విద్యార్థు లడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంటి పనులు ముగిసినగాని పుస్తకము పట్టలేని పిల్లలు కలరు, వారిని నిందింపము. కాని యా భారమును వారి నిద్రనుండి తీసికొనుట తగదు. ఉపాధ్యాయులమైన మేము సంవత్సరాంతమున పాఠములను కుప్పవోయక, మొదటి మాసమునుండియే పంచి చెప్పవలెను. తలిదండ్రులు సాయంకాలమున ఒక గంటయైనను బిడ్డలను చదువునకు విడువవలెను. రాత్రివేళ వారి చేతిలో సెల్‌ఫోను నుంచరాదు.

పదుమూడు మొదలు పదునెనిమిది యేండ్లవారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో తెలిపెను. రాత్రి తొమ్మిదిన్నరకు బండుకొని ఆఱింటికి లేచిన ఎనిమిదిన్నర గంటలు దొరకును.

విద్యార్థులారా! నాటి పాఠమును నాడే చదువుడు. పరీక్ష ముందటి రాత్రి వేళకు పుస్తకము మూసి నిద్రింపుడు. అదియు చదువులో భాగమే.