తగ్గవలసిన బరువు – తగ్గకూడని సత్తువ

"కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది" అన్న సామెతను ఆ మధ్య ఒక శుక్రవారం మన తెలుగువారి విందులో విన్నాను. స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకొని, ఏడాదిన్నరలో నలభై కిలోలు తగ్గి, ఇప్పుడు రెండంతస్తులు ఎక్కేసరికి కూలబడిపోతున్న ఒక మిత్రుని ఉద్దేశించి అన్న మాట అది. పదిమందిలో ఆయన నవ్వి ఊరుకున్నారు. తరువాత నాతో ఒంటరిగా, "పని మానేస్తే ఇకామా పోతుంది, చేద్దామంటే ఒంట్లో ఓపిక లేదు" అని వాపోయారు. ఆయనకు కావలసింది సామెత కాదు, ఒక రక్తపరీక్ష. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి అదే కారణం.

కువైట్ వయోజనులలో మూడవ వంతుకు పైగా స్థూలకాయులేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెబుతున్నాయి. జనాభా నిష్పత్తిలో ఈ శస్త్రచికిత్సలు మిక్కిలిగా జరిగే దేశాలలో కువైట్ ఒకటి. మనవారిలో కొందరు ఇక్కడే చేయించుకుంటున్నారు. మరికొందరు సెలవుపై హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళి చేయించుకొని వస్తున్నారు. మధుమేహం, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగే బాధ ఈ చికిత్స వల్ల తగ్గుముఖం పడతాయనడంలో సందేహం లేదు. నేను దానికి విరోధిని కాను. దానిని ఒక్కరోజు కార్యంగా భావించడమే నాకు అభ్యంతరం. కత్తి పని ఒక పూటది, ఆ తరువాతి సంరక్షణ జీవితకాలానిది.

శరీరంలో జరిగే మార్పును గ్రహిస్తే నిస్సత్తువ మర్మం బోధపడుతుంది. 'స్లీవ్' పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగాన్ని తొలగిస్తారు. 'బైపాస్' పద్ధతిలో ఆహారాన్ని ఆంత్రమూలం దాటించి చిన్నప్రేగు దిగువ భాగానికి చేరుస్తారు. ఇనుము ప్రధానంగా గ్రహింపబడేది ఆ ఆంత్రమూలంలోనే; అందుకు జఠరరసంలోని ఆమ్లం తోడ్పడాలి. విటమిన్ బి-12 ఒంటబట్టడానికి అవసరమైన ప్రత్యేక పదార్థం జీర్ణాశయపు గోడలలో తయారవుతుంది. కనుక ఆహారం తగ్గడమే కాదు, తిన్నదానిలోని సారం గ్రహించే శక్తి కూడా తగ్గుతుంది.

ఈ సందర్భంలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు రాక మానరు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, తిన్నది ఒంటబట్టనీయక రక్తహీనతతో మనిషిని కృశింపజేసే స్ప్రూ వ్యాధికి సోదరులను పోగొట్టుకున్నారు. తానూ ఆ వ్యాధితో బాధపడ్డారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, జీవకణాలకు శక్తి నాణెం వంటిదైన అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను 1929లో వెల్లడించారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారయింది. ఒంటికి సారం అందకపోవడం వల్ల కలిగే నీరసం ఎటువంటిదో స్వయంగా ఎరిగిన శాస్త్రజ్ఞుడు మన ఇంటివాడే. అటువంటి నీరసాన్ని మనమే సోమరితనమని వెక్కిరించడం తగునా?

అన్ని నీరసాలూ ఒకటి కావు. శస్త్రచికిత్స జరిగిన తొలి నాలుగైదు వారాలలో రోజుకు వెయ్యి కాలరీలైనా లోపలికి పోవు. అప్పటి అలసట సహజం, క్రమంగా తగ్గుతుంది. కొన్ని నెలల తరువాత కూడా వదలని అలసటకు మాత్రం కారణం వెదకాలి. మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతో పాటు కండరాలూ కరిగిపోతాయి. బి-12 నిల్వలు కాలేయంలో కొన్ని సంవత్సరాలకు సరిపడా ఉంటాయి గనుక, ఆ లోపం రెండు మూడేళ్ళకు గాని బయటపడకపోవచ్చు. బరువు తగ్గినా పాత మోతాదులోనే రక్తపోటు, మధుమేహం మాత్రలు మింగుతుంటే తల తిరగడం ఖాయం.

కువైట్ వాతావరణం దీనికి తోడవుతుంది. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని నిషేధమంటేనే ఇక్కడి ఎండ తీవ్రత తెలుస్తుంది. చిన్నదైన జీర్ణాశయం సీసాడు నీటిని ఒక్క గుక్కలో పట్టలేదు. దాహం వేసేదాకా ఆగకుండా, రోజంతా గుటక గుటకగా కనీసం లీటరున్నర త్రాగాలి. భోజనంతో పాటు కాదు, అరగంట ఎడంగా. బకాలాలో దొరికే చల్లని లబన్ మనకు మజ్జిగతో సమానం. రోజుకు అరవై గ్రాముల మాంసకృత్తులు లక్ష్యంగా, కోడిగుడ్డు, చేప, పప్పు, పెసరట్టు ముందు తిని, అన్నానికి, ఖుబూస్‌కు మిగిలిన చోటు ఇవ్వాలి. ఇనుము మాత్రను టీతోనో, కాల్షియం మాత్రతో కలిపో మింగితే చాలావరకు వృథా. రెండింటికీ మధ్య రెండు గంటల వ్యవధి ఉండాలి. నెలసరి వచ్చే స్త్రీలకు ఇనుము మరింత అవసరం.

మనవారికున్న ఒక అలవాటును ఇక్కడ హెచ్చరించక తప్పదు. నీరసమనగానే గ్లూకోజు ఎక్కించమంటాము. మానని వాంతులతో థయమిన్, అంటే బి-1, తరిగిపోయినవారికి ముందుగా థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం. వాంతులు ఆగకపోయినా, నడక తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, శస్త్రచికిత్స జరిగిన సంగతి మొట్టమొదట చెప్పాలి. అలాగే ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రమే వాడితే రక్తహీనత సర్దుకున్నట్లు కనిపించి, బి-12 లోపం లోలోపల నరాలను దెబ్బతీస్తూనే ఉంటుంది. ఊహ మీద వైద్యం పనికిరాదు.

ప్రవాసికి అసలు చిక్కు మరొకటి. కత్తి పట్టిన వైద్యుడు ఒక దేశంలో, నీరసపడిన రోగి వేరొక దేశంలో! ఇక్కడి వైద్యునికి శస్త్రచికిత్స కాగితాలు చూపరు, అక్కడి వైద్యునికి ఇక్కడి బాధ తెలియదు. పైగా నలుగురికీ తెలిస్తే నామోషీ అని దాచుకుంటారు. నా అభిప్రాయం స్పష్టం: మూడవ నెల, ఆరవ నెల, ఏడాది, ఆపై ఏటేటా పరీక్షలు ఎవరు చూస్తారో ముందే తేల్చుకోకుండా సెలవులో శస్త్రచికిత్సకు తేదీ తీసుకోరాదు. హిమోగ్లోబిన్‌తో తృప్తిపడక, దానికంటే ముందే తరిగే ఫెర్రిటిన్‌ను, బి-12, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్‌లను కూడా చూపించుకోవాలి. విమానం ఎక్కేటప్పుడు పచ్చళ్ళ సీసాలతో పాటు శస్త్రచికిత్స వివరాల ప్రతిని కూడా మరువకూడదు.

తెలుగు సంఘాలకు నాదొక విన్నపం. ఆరోగ్య శిబిరాలలో చక్కెర, రక్తపోటు పరీక్షలతో పాటు ఇటువంటివారి కోసం ఒక బల్ల కేటాయించండి. విందులలో "ఇంకొంచెం వేసుకో" అని బలవంతపెట్టకండి, "ఇంతేనా తినేది" అని ఎగతాళి చేయకండి.

పైన చెప్పిన మిత్రుడు చివరకు పరీక్ష చేయించుకున్నారు. ఇనుము, బి-12 రెండూ అడుగంటాయి. వైద్యుని పర్యవేక్షణలో చికిత్స మొదలైన మూడు నెలలకు, లిఫ్టు చెడిపోయిన ఒక సాయంత్రం, మా ఇంటికి రెండంతస్తులు నడిచి వచ్చారు. ఆ రోజు ఎవరమూ సామెతలు చెప్పలేదు.