క్రియయు దాని పరివారమును

వాక్యవిభజనము నేర్పుటలో మేము చాలకాల మొక పొరపాటు చేయుచు వచ్చితిమి. దాని నిచ్చట నొప్పుకొనుట మంచిది. "నౌన్ క్లాజు, క్రియకుఁ గర్మము" అని పేరు పెట్టిన బాలునకు నిండు మార్కు లిచ్చితిమి. ఆ బాలుఁడే సెలవుచీటిలో "ఐ డు నాట్ నో వెన్ విల్ మై ఫాదర్ రిటర్న్" అని వ్రాసెను. ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేసితిమి గాని కారణము చెప్పలేదు. వాఁడును అడుగలేదు.

కారణము మన తెలుఁగుతోనే తెలియును. "తండ్రిగా రెప్పుడు వత్తురు?" అనునది ప్రశ్న. "తండ్రిగా రెప్పుడు వత్తురో యెఱుఁగను" అన్నప్పుడు ఆ ప్రశ్న వేఱొక వాక్యములో నామమువలె నొదిగినది. ఈ పని చేసినది చివరనున్న "ఓ" మాత్రమే. పదముల వరుస మాఱలేదు. ఇంగ్లీషున నట్టి "ఓ" లేదు. వరుసయే యా పని చేయవలెను. ప్రశ్నలోఁ గర్తకు ముందున్న "విల్" ఇచ్చటఁ గర్త వెనుకకుఁ బోవును: "వెన్ మై ఫాదర్ విల్ రిటర్న్". ఈ "ఓ"ను జూపినచోఁ దొమ్మిదవ తరగతివారు ఒక పూటలో గ్రహింతురు.

"అని" యను మాట యింతకన్నఁ జిక్కైనది. చెప్పెను, తలఁచెను, కోరెను, భయపడెను - అన్నిటికిని మనము "అని" తగిలింతుము. ఇంగ్లీషు "దట్" అంత యుదారము కాదు. "హోప్" దానిని రానిచ్చును, "వాంట్" రానీయదు. "ఐ వాంట్ హిమ్ టు కమ్" అనవలెను. అది చూచి "ఐ సజెస్టెడ్ హిమ్ టు కమ్" అన్నచోఁ దప్పు. "సజెస్ట్"కు "దట్ హీ షుడ్ కమ్" కావలెను. "సే", "టెల్" రెండును చెప్పుటయే. అయినను "టెల్ హిమ్" చెల్లును, "సే హిమ్" చెల్లదు.

ఎందు కిట్లని పిల్ల లడుగుదురు. అర్థము కొంతదూరమే తోడువచ్చును, మిగిలినది వాడుక. జపానులో ఇంగ్లీషు బోధించిన ఏ. ఎస్. హార్న్‌బీ తోడివారితోఁ గూర్చి 1942లో టోకియోలో వెలువరించిన నిఘంటువున క్రియలకు 25 మాదిరు లేర్పఱచి, ఏ క్రియ కేది తగునో చూపెను. ఆ శ్రమ యెవరికొఱకు? మనవంటి పరభాషవారికొఱకే. మనమో, నోటుపుస్తకములలో "వాంట్ - కోరు" అని యర్థము మాత్రము వ్రాయించి తృప్తిపడుచున్నాము! పరీక్షలో పేరులే యడుగుదురని కొంద రుపాధ్యాయు లందురు. అడుగనిండు, క్రియప్రక్కన నొక పూర్తివాక్యము వ్రాయించుటకు పరీక్ష యడ్డము రాదు.

సెలవుచీటి వ్రాసిన బాలుఁడు పాఠశాల విడిచి చాలకాలమైనది. ఆ "ఓ" సంగతి వానికిఁ జెప్పు నవకాశము మాకు మరల దొరకలేదు.